పాప రంగు మీద ఇంట్లో మాటలు ఎలా ఆపాలి?

మా పాపకి ఆరేళ్లు, చామనఛాయ. వచ్చిన చుట్టాలందరూ "అమ్మ రంగు రాలేదే" అంటారు. అత్తయ్యగారు ప్రేమతోనే, రోజూ సున్నిపిండితో నలుగు పెడతారు. మొన్న బాత్రూంలో పాప ఒక్కతే మోచేతిని పీచుతో మంట పుట్టేదాకా రుద్దుకుంటోంది. "ఇంకా పోవట్లేదమ్మా" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. పెళ్లి సంబంధాల్లో మాత్రం "అమ్మాయి తెల్లగా ఉండాలి" అనే మాట పోనేలేదు.

రంగు మెలనిన్ వల్ల వస్తుంది, రుద్దితే పోదని చెప్పాను. తలూపింది కానీ నమ్మలేదు. ఆరేళ్ల పిల్లకి అర్థమయ్యేలా ఏం చెప్పాలి? అత్తయ్యగారి మనసు నొప్పించకుండా ఆ నలుగు ఎలా మాన్పించాలి? చాలా టెన్షన్‌గా ఉంది. చిన్నప్పుడు ఇలాంటి మాటలు పడ్డవాళ్లుంటే, మీకు ఏ మాట ధైర్యమిచ్చిందో చెప్పండి.