చిన్న పని ఎప్పటికీ చిన్నగనే ఉండిపోతే దేవుని దగ్గర లెక్కకొస్తదా?

దేవరకొండ తమ్ముడు:

అందరికి వందనాలు. చాన రోజుల సంది మనసుల తిరుగుతున్న మాట ఇది, మా సంఘంల ఎవరినన్న అడిగితే ఇంకోతీరుగ అనుకుంటరేమో అని ఇక్కడ రాస్తున్న. మాది దేవరకొండ దిక్కు చిన్న ఊరు, సంఘం మొత్తం కలిపినా నలభై ఇండ్లు ఉండవు. నాకు పాట రాదు, తబలా రాదు, నలుగురి ముంగట నిలబడి సాక్ష్యం చెప్పాలంటే గొంతు ఎండిపోతది. నేను చేసేది ఏందంటే ఆదివారం పొద్దున ఆరింటికి పోయి చర్చి తాళం తీసి ఊడ్చి, చాపలు దులిపి పరిచి, రెండు కుండల నీళ్లు నింపి పెట్టుడు, కూటం అయిపోయినంక మళ్ల చాపలు చుట్టి మూలకు నిలబెట్టి తాళం వేసుడు. నాలుగేండ్ల సంది ఇదే పని, ఇష్టంగనే చేస్తున్న.

పోయిన నెల యూత్ మీటింగ్‌కు పోయినం. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మస్తు గట్టిగ చెప్పిండు, చిన్న పనుల కాడ ఆగిపోకు, పెద్ద దర్శనం పెట్టుకో, ఇయ్యాల చాపలు పరిచేటోడు రేపు వేలమందికి వాక్యం చెప్తడు అని. అందరు ఆమెన్ అన్నరు, నేను కూడ అన్న. ఇంటికొచ్చినంక నిద్ర పట్టలే. రేపు నేను వేలమందికి చెప్పకపోతే? నాకు అసలు చెప్పాలనే లేదు. చాపలు పరిచేటోడు చాపలు పరుచుకుంటనే ముసలోడైతే ఆ పనికి దేవుని దగ్గర విలువ ఉన్నట్టా లేనట్టా? ఆవగింజ చెట్టయింది, గొర్లు కాసిన దావీదు రాజయిండు, ప్రతి ప్రసంగంల చిన్నది ఆఖరికి పెద్దదే అయితది. చిన్నగనే ఉండిపోయినోళ్ల గురించి బైబిల్ల ఏమన్న ఉందా? తెలిసినోళ్లు చెప్పండి.

పాలమూరు అన్న:

వందనాలు తమ్మి. ఆ ప్రసంగీకుడు చెప్పింది పూర్తిగ తప్పు అనను నేను. జెకర్యా 4:10 చూడు, "కార్యములు అల్పములై యున్న కాలమును తృణీకరించిన వాడెవడు?" అని ఉంటది. అది ఎప్పటి మాట అంటే బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు యెరూషలేముల మందిరాన్ని మళ్ల కట్టుకుంటున్న కాలం. ఎజ్రా 3ల ఉంటది, సొలొమోను కట్టిన మొదటి మందిరాన్ని కండ్లార చూసిన ముసలోళ్లు ఈ కొత్త పునాదిని చూసి గట్టిగ ఏడ్చిన్రు, పడుచోళ్లేమో సంతోషంతోని కేకలు వేసిన్రు, ఏది ఏడుపో ఏది సంతోషమో దూరం ఉన్నోళ్లకు తెల్వకుండ అయ్యిందంట. ఆ తర్వాత పని ఏండ్లకేండ్లు ఆగిపోయింది. చివరికి పర్షియా రాజు దర్యావేషు ఏలుబడి ఆరో ఏడు పూర్తయింది. చిన్నగ ఉందని అప్పుడు చేతులెత్తేస్తే ఏమయ్యేది?

మన తెలుగోళ్ల కథే తీసుకో. 1850లల్ల అమెరికా బాప్టిస్టులకు తెలుగు దేశంల ఉన్నది నెల్లూరు ఒక్కటే, ఫలితం లేదు మూసేద్దామని అమెరికాల పెద్దలు అనుకుంటున్న రోజులు. 1854 జనవరి 1న తెల్లారకముందు ఒంగోలు కొండ మీదికి ఐదుగురు ఎక్కి ప్రార్థన చేసిన్రు, మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగోళ్లు, అంతే. 1878 జూలై 3న అదే ప్రాంతంల ఒక్కరోజుల 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. ఆ బాప్టిస్టు మిషన్ తోనే కలిసి రష్యా దేశం నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంల నల్గొండల పని మొదలుపెట్టిండు. ఇయ్యాల నల్గొండ, పాలమూరు ఊర్లల్ల మనకు సంఘాలు ఉన్నయంటే దాని వెనక ఆ కొండ మీద ఐదుగురు కూడ ఉన్నరు. ఆవగింజ వాక్యం వట్టి మాట కాదు తమ్మి, నీ పని కూడ ఏడికి పోతదో నీకు ఇప్పుడు కనపడది.

నాగర్‌కర్నూల్ అమ్మ:

బిడ్డా నీ మాట చదివి నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేను అంగన్‌వాడీల పనిచేసి రిటైరయిన, ప్రసంగాలు నాకు రావు, నాకు తెలిసింది ఒక్కటి చెప్తా.

మా అత్తమ్మ కాలం నుంచి మా ఇంట్ల పిడికెడు బియ్యం అలవాటు ఉంది. పొద్దున మాపు అన్నానికి బియ్యం కొలిచినంక అందులకెళ్లి ఒక పిడికెడు తీసి పాత పాలపొడి డబ్బాల వేస్తం, ఆదివారం ఆ డబ్బా సంచిల పోసుకొని చర్చికి తీస్కపోతం, స్త్రీల సమాజం వాళ్లు అన్నీ కలిపి ఎవరింట్ల ఇబ్బంది ఉంటే వాళ్లకు ఇస్తరు, మిగిలింది పాస్టరమ్మకు పోతది. మిజోరంల కూడ 1910 నుంచి సంఘాలు ఇట్లనే పిడికెడు బియ్యం తోని నడుస్తున్నయని మా బిడ్డ చెప్పింది. నేను ముప్పై ఏండ్లు వేసిన, వేసేటప్పుడు ఏ రోజు కూడ పెద్ద భక్తి అనిపించలే, చెయ్యి అలవాటుగ పోయేది అంతే.

మా ఆయన మంచం పట్టిన ఏడాది నా జీతం మందులకే సరిపోయేది కాదు. ఒక మాపు ఆ సంచి మా ఇంటికే వచ్చింది. నేను ఇచ్చిన బియ్యమే తిరిగొచ్చినట్టు సిగ్గయ్యింది ముందు. చాటల పోసి చూస్తే అన్నీ కలిసి ఉన్నయి బిడ్డా, సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం, ఎవరిదో ఒకరిది కొంచెం పురుగు పట్టింది కూడ. ఒక్క గిన్నెల ఉడకబెడితే సన్నయి మెత్తగ అయినయి, దొడ్డువి పలుకు మీదనే ఉన్నయి, అట్లనే తిన్నం. ఏ మెతుకు ఎవరింటిదో ఎట్ల చెప్తవు? ఎవ్వరి పేరూ లేదు దాని మీద. అందుల ఒక్క ఇంటోళ్లు కూడ పెద్దగ అయింది లేదు, ఇప్పటికీ పత్తి ఏరుకుంటనే ఉన్నరు. కని ఆ మాపు మా ఇంట్ల పొయ్యి వెలిగింది.

యోహాను 6ల ఐదు యవల రొట్టెలు తెచ్చిన చిన్నోడు ఉన్నడు గద, యవల రొట్టె అంటే అప్పట్ల పేదోళ్ల తిండి, మన పాలమూరుల జొన్న రొట్టె లెక్క. శిష్యుడు అంద్రెయ కూడ ఇంతమందికి ఇవి ఏపాటి అనే అన్నడు. ఆ పిలగాని పేరు ఏందో రాసి లేదు, తర్వాత ఏమయిండో రాసి లేదు. అయిదువేల మంది తిన్నంక ప్రభువు ఏమన్నడు, ఏదీ నష్టపోకుండ మిగిలిన ముక్కలు పోగుచేయండి అన్నడు. అంత అద్భుతం చేసినాయన కింద పడ్డ ముక్కల గురించి పట్టించుకున్నడు బిడ్డా. నీ చాపల దుమ్ము ఆయనకు కనపడదా?

మిర్యాలగూడ నుంచి ఒకడు:

అమ్మా మీ మాటకు వందనాలు. నేను వేరే దిక్కు నుంచి చెప్తా, మంచి చిన్నపనే కాదు చెడ్డ చిన్నపని కూడ లెక్కే అని నాకు దెబ్బ తగిలినంక తెలిసింది.

ఒక వడ్ల కొనుగోలు సెంటర్ల కాంటా కాడ తూకం రాసే పనికి పోయిన, ఏ సెంటరో చెప్పను. బస్తాకు 40 కిలోలు రాయాలె, అక్కడ సంచి బరువు పోను ఇంకో కిలో తరుగు కింద ఎక్కువ జోకి 40 అని రాసేది. అందరు చేసేదే గద అని నేను కూడ రాసిన. ఒక కిలోనే కదా అనిపించేది నిజంగ. ఒకరోజు మా ఊరామెనే, భర్త చనిపోయినామె, 60 బస్తాలు తెచ్చింది. రాసుకుంట రాసుకుంట పోయినంక మనసుల లెక్క పడ్డది, 60 కిలోలు, అప్పటి మద్దతు ధర క్వింటాకు 2,300, అంటే ఆమె దగ్గర పద్నాలుగు వందలకు దగ్గర దగ్గర తీస్కున్నం. ఆమె నాకు దండం పెట్టి ట్రాక్టర్ ఎక్కి పోయింది.

ఆ జీతంల నేను పైస తేడా లేకుండ దశమభాగం, అంటే పదోవంతు, చర్చికి ఇస్తున్న అన్నా, అది నన్ను ఎక్కువ కాల్చింది. మత్తయి 23:23ల ప్రభువు పుదీనాల, సోపుల, జీలకర్రల పదోవంతు లెక్కగట్టుకుంట న్యాయం, కనికరం విడిచిపెట్టినోళ్లను గద్దించింది నన్నే అనిపించింది. దొంగత్రాసు యెహోవాకు హేయము అని సామెతలల్ల ఉన్నది నేను సండే స్కూల్ల కంఠస్తం చేసిన వాక్యమే. తెల్లారి పోయి నేనిట్ల రాయను అని చెప్పిన, వేరేటోన్ని పెట్టుకున్నరు. ఆమెకు నా చేతిల ఉన్న ఐదు వందలు ఇచ్చిన, మిగిలింది సంక్రాంతి వరకు ఇచ్చిన. లూకా 16:10ల కొంచెములో నమ్మకముగా ఉండువాడు అన్న ముక్క అందరు చెప్తరు, కొంచెములో అన్యాయముగా ఉండువాడు అన్న రెండో సగం కూడ అదే వచనంల ఉంది. తమ్మీ నీ తాళం చెవి నాలుగేండ్ల సంది నీ దగ్గరే ఉందంటే, కానుక పెట్టె ఉన్న గదికి నిన్ను నమ్మి ఇచ్చిన్రంటే, అది చిన్నది కాదు.

నల్గొండ టీచర్:

పాలమూరు అన్నా, మీరు చెప్పిన చరిత్ర నిజమే, ఒంగోలు కొండ గురించి నేను కూడ పిల్లలకు చెప్తుంటా. కని తమ్ముడు అడిగింది అది కాదనిపిస్తుంది నాకు. పెద్దగ కాకపోతే ఏంది అని అడుగుతున్నడు. దానికి జవాబు మార్కు 12 చివర్ల ఉంది.

బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆ రెండు కాసులు కలిపితే ఒక దేనారంల 64వ వంతు, దేనారం అంటే ఒకరోజు కూలి. ఇయ్యాల మన దగ్గర కూలి 640 అనుకుంటే ఆమె వేసింది పది రూపాయలు. మన దిక్కు దుకాణాలల్ల చెల్లదని వాపసు ఇచ్చే పది రూపాయల బిళ్ల ఉంటది చూడు, అంత. దేవాలయంల బూర ఆకారంల 13 కానుక పెట్టెలు ఉండేవని యూదుల పాత గ్రంథాలల్ల ఉంది, ధనవంతుల నాణేలు గలగల పడుతుంటే గోరంత రాగి కాసుల చప్పుడు ఎవరికి వినపడ్తది. రెండు ఉన్నయి కాబట్టి ఒకటి ఉంచుకోవచ్చు, ఉంచుకోలే.

ఇప్పుడు చూడు, ప్రభువు శిష్యులను పిలిచి ఆమె గురించి చెప్పిండు, ఆమెను పిలిచి చెప్పినట్టు రాసి లేదు. ఆమె వేసి పోయింది. అందరికంటె ఎక్కువ వేసినవని ఆమెకు తెలిసిందో లేదో. ఇంకా ముందుకు పో, అధ్యాయం మారంగనే 13:2ల ఆ దేవాలయం రాయి మీద రాయి నిలవదు అన్నడు, క్రీ.శ. 70ల రోమీయులు కూల్చేసిన్రు కూడ. అంటే ఆమె కాసులు పోయింది కూలిపోయే గోడలకు. పెద్ద చెట్టు కాలే, వేలమందికి అన్నం కాలే, బయటికి చూస్తే వేస్ట్ అయినట్టే. అయినా అందరికంటె ఎక్కువ అన్నది ఆయన, అది ఆమె వేసిన నిమిషంలనే అన్నడు, తర్వాత ఏమైతదో చూసి అనలే. తమ్ముడూ నీ ప్రశ్నకు నేను పట్టుకున్న జవాబు ఇదే.

ఇంకొకటి కూడ చెప్పాలె, మనసుల మంట ఉంది కాబట్టి చెప్తున్న. ఇదే వాక్యం చూపించి బీదోళ్ల దగ్గర కానుకలు పిండేటోళ్లు ఉన్నరు, నా కండ్ల ముంగట ఒక సభల ముసలామె పింఛను పైసలు మొత్తం వేసిపోయింది, తర్వాత వారం మందులకు మమ్మల్ని అడిగింది. 12:40 చదవకుండ 41 చదవద్దు, విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రుల, అంటే అప్పటి ధర్మశాస్త్రం చెప్పేటోళ్ల గురించి ప్రభువు అప్పుడే మాట్లాడి కూసున్నడు, కూసున్న చోటనే ఈమె వచ్చింది. చిన్నోళ్లు ఇచ్చేదాన్ని మెచ్చుకుంట వాళ్లను చిన్నోళ్లుగనే ఉంచేది ప్రభువు నేర్పింది కాదు.

పాలమూరు అన్న:

టీచర్ గారు ఒప్పుకుంటున్న. ఆ కొండ మీద ఉన్న ముగ్గురు తెలుగోళ్ల పేర్లు నేను పైన రాయనే లేదు, దొర పేరు మాత్రం రాసిన, మీ మాట చదివినంక తట్టింది. నర్సు, జూలియా, రూతు. ముందే రాయాల్సింది.

దేవరకొండ తమ్ముడు:

అందరికి చాన చాన వందనాలు. అమ్మా మీ బియ్యం గురించి మా అమ్మకు చదివి వినిపించిన, మా అమ్మ ఏం మాట్లాడకుండ లేచిపోయి అటక మీది నుంచి పాత డబ్బా దించింది, మూత పట్టేసింది, రేపు కొబ్బరినూనె రాసి తీస్తా అన్నది. మిర్యాలగూడ అన్నా, కానుక పెట్టె గురించి మీరు అన్నంక ఒకటి గుర్తొచ్చింది, దాని తాళం చెవి కూడ నాలుగేండ్ల సంది నా దగ్గరే ఉంది, లెక్క మాత్రం ఇప్పటి వరకు నేను ఒక్కన్నే చేస్తున్న, ఈ ఆదివారం నుంచి ఇంకొకరిని పక్కన కూసోబెట్టుకుంటా అని పాస్టర్ గారికి ఫోన్ చేసి చెప్పిన. మంచిది అన్నడు.

రేపు శనివారమే పోవాలె, వాన పడి గోడ పొంటి చీమల పుట్ట లేచింది, చాపలు కూడ చెమ్మ వాసన వస్తున్నయి, ఎండ కనపడంగనే బయట ఆరేయాలె.