ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు కెక్కొనెన్‌ను ఎలా అర్థం చేసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా హెల్సింకీలో ఉంటున్నాను. మా కింది ఇంటి పెద్దావిడ మొన్న ఒక పాత 500 మార్కాల (యూరోకు ముందు ఇక్కడి కరెన్సీ) నోటు చూపించారు. దాని మీద బట్టతల, కళ్లజోడుతో ఉర్హో కెక్కొనెన్ బొమ్మ. ఆయన పదవిలో ఉండగానే, 1975లో అచ్చయిన నోటట! బతికున్న నాయకుడి బొమ్మ నోటు మీదా అని ఆశ్చర్యపోయాను. ఆవిడ మాత్రం దాన్ని ఎంతో అపురూపంగా మళ్లీ కవర్లో పెట్టుకున్నారు. ఆవిడ అల్లుడికేమో ఆ పేరెత్తితేనే కోపం.

అప్పటినుంచి చదువుతున్నాను. 1956లో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల సభలో 151-149 ఓట్లతో, అంటే రెండే ఓట్ల తేడాతో గెలిచి, 1982 దాకా అధ్యక్షుడిగా ఉన్నారు. 1961లో సైనిక సంప్రదింపులు కోరుతూ సోవియట్ యూనియన్ నుంచి దౌత్య లేఖ వచ్చాక, అక్కడి నొవొసిబీర్స్క్ నగరానికి వెళ్లి సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లోనే అధ్యక్ష ఎన్నికలో ఆయన ప్రత్యర్థి హోంకా పోటీనుంచి తప్పుకున్నారు. 1973లో ఎన్నిక లేకుండా ప్రత్యేక చట్టంతో పదవీకాలం మరో నాలుగేళ్లు పొడిగించారు. నన్ను బాగా ఇబ్బంది పెడుతున్నది ఇదే. పక్కన అంత పెద్ద దేశం ఉన్నప్పుడు దేశాన్ని కాపాడిన నేర్పు నిజమే, కానీ ఎన్నికే లేకపోవడం ఎలా ఒప్పుకున్నారు?

ఫిన్లాండ్ చరిత్ర చదివినవాళ్లు, ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి: అప్పుడు పార్లమెంటులో అంత ఎక్కువమంది సభ్యులు ఎందుకు మద్దతిచ్చారు? ఇంగ్లీషులో ఇరువైపులా చెప్పే మంచి పుస్తకం ఏదైనా ఉందా? నా ఫిన్నిష్ ఇంకా అంతంతమాత్రమే. ఆ పెద్దావిడతో ఈసారి కూర్చున్నప్పుడు ఆవిడ మనసు నొప్పించకుండా మాట్లాడాలని ఉంది.