అప్‌డేట్: నావికుడిగా పెరిగిన డ్వార్ఫ్ పూజారి కుదిరాడు

పాత్రలు సృష్టించుకుని కథగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, వైద్యం చేసే క్లెరిక్‌కు (మంత్రాలు వేసే పూజారి) ఏ జాతి, ఏ నేపథ్యం (పాత్ర గత జీవితం, వృత్తి) నప్పుతాయని ఇంతకుముందు అడిగాను. విశాఖ ఫిషింగ్ హార్బర్ పడవల్ని చూస్తూ పెరిగినదాన్ని, నా పాత్ర నావికుడే కావాలని పట్టుబట్టాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"ముందు ఏ సంవత్సరం నియమాల పుస్తకంతో ఆడుతున్నారో కనుక్కోండి" అన్న సలహాతోనే చిక్కు వీడింది. ఎంవీపీ కాలనీలో మా ఆట నడిపే అన్నయ్య వాడేది 2024 పుస్తకం. 2014 దానిలో సామర్థ్యాలకు అదనపు అంకెలు జాతి నుంచి వచ్చేవి, ఇందులో నేపథ్యం నుంచి వస్తాయి. నావికుడికి బలం, చురుకుదనం, వివేకం పెంచుకునే వీలుంది. క్లెరిక్ మంత్రాలకు ఆధారం వివేకమే కాబట్టి అదనంగా వచ్చిన అంకెల్లో రెండు అక్కడే కలిపాను: 15 కాస్తా 17 అయింది! గాయాలు మాన్పే మంత్రం బలమూ పెరిగింది.

ఇక జాతి నా ఇష్టం. డ్వార్ఫ్‌కు (పొట్టిగా, దృఢంగా ఉండే కల్పిత జాతి) ప్రతి స్థాయికీ ఒక ప్రాణబిందువు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) అదనం, విషాన్ని తట్టుకునే శక్తి కూడా ఉంది. డ్వార్ఫ్‌లు నెమ్మదిగా నడుస్తారన్న హెచ్చరిక మాకు వర్తించలేదు. పాత పుస్తకంలో ఒక వంతుకు 25 అడుగులుగా ఉన్న వాళ్ల వేగం 2024 పుస్తకంలో 30 అయింది.