సమస్యాపూరణం: నీలి కన్నులలో లేదు నీలి రంగు

తిరుపతి, చిత్తూరు పద్యమిత్రులకు ఈ వారం సమస్య తేటగీతిలో. విజ్ఞానశాస్త్రం తప్పితే గణాలు కుదిరినా లెక్కలోకి రాదు.

చంద్రగిరి సభ్యుడు:

కంటి పొరలోన మెలనిను కానరాదు
చిన్న తరగలే వెలుగులో చెదరి వచ్చు
ఆకసము తీరె యది చూడ నంతె గాని
నీలి కన్నులలో లేదు నీలి రంగు

పరిశీలకుడు: ఆకాశం పోలిక చక్కగా అతికింది. "వచ్చు, ఆకసము" దగ్గర విసంధి, అంటే సంధి చేయకుండా వదిలారు. "వచ్చు / నాకసము" అంటే యతికీ ఇబ్బంది లేదు. అసలు తప్పు మొదటి పాదంలో ఉంది. ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) వెనక పొరలో మెలనిన్ అనే రంగు పదార్థం నీలికళ్ళవాళ్ళకూ దండిగా ఉంటుంది. ఎరుపు వైపున్న పెద్ద కాంతి తరంగాలను అది మింగేస్తుంది కాబట్టే చెదిరిన నీలం తేలుతుంది. ఆ పొరా పలచబడితే కన్ను ఎర్రగా మెరుస్తుంది, ఆల్బినిజం (పుట్టుకతో మెలనిన్ కొరత) ఉన్న కొందరిలో లాగా. మెలనిన్ తగ్గేది ముందున్న స్ట్రోమా అనే తంతుపొరలో. "తగ్గ మెలనిను ముందున్న తంతుపొరను" అని మార్చండి.

పీలేరు సభ్యురాలు:

హెర్కుటూలోన నక్షర మిట్లు మార
నోసియేటూకు పని తగ్గు నుడిగి పోక
పూర్వికుం డొక్కడే దీని పుట్టినిల్లు
నీలి కన్నులలో లేదు నీలి రంగు

పరిశీలకుడు: "ఉడిగి పోక" భలే పడిందమ్మా! 15వ క్రోమోజోముపై హెర్క్‌2 జన్యువులో ప్రొటీను సంకేతం లేని ముక్క, 86వ ఇంట్రాన్‌లో ఏ అనే డీఎన్ఏ అక్షరం బదులు జీ చేరితే పక్కనున్న, మెలనిన్ తయారీకి తోడ్పడే ఓసీఏ2 జన్యువు మందగిస్తుంది, చచ్చిపోదు.

పుంగనూరు సభ్యుడు: పూర్వికుడు ఎప్పటివాడో కూడా పద్యంలో చెప్పుంటే బాగుండు గదన్నా?

పరిశీలకుడు: చెప్పకపోవడమే మంచిదైంది. 2008లో కోపెన్‌హేగన్ బృందం 6,000 నుంచి 10,000 ఏళ్ళని అంచనా వేసింది. డెన్మార్క్‌లో 155 మంది నీలికళ్ళవాళ్ళకి, టర్కీ, జోర్డాన్‌లలో కొందరికి ఒకే హాప్లోటైపు (కలిసికట్టుగా వారసత్వంగా వచ్చే జన్యు అక్షరాల వరుస) దొరికింది, అందుకే "ఒక్కడే" అనవచ్చు. కానీ ఇటలీలోని విల్లబ్రూనాలో దొరికిన దాదాపు 14,000 ఏళ్ళనాటి ఎముకల్లోనూ ఆ జీ ఉంది. అంకె వేసుంటే పద్యం దెబ్బతినేది.

పుంగనూరు సభ్యుడు: అయితే నాది చూడండి.

మేనరికమున నిరువైపు మిగిలి దాగి
రెండు నకలులు కలిసిన బిడ్డ కన్ను
పిల్లికన్నని నవ్వకు పేరుపెట్టి
నీలి కన్నులలో లేదు నీలి రంగు

పరిశీలకుడు: రెండో పాదంలో యతిభంగం: రెం, బి కలవవు. ప్రాసయతితో, అంటే రెండో అక్షరాలు కలిపి, గట్టెక్కవచ్చు: "రెండు నకలులు బిడ్డలో నిండి యున్న". భావం మన జిల్లాది, ఒప్పుకుంటాను. అయితే మేనరికం కొత్తగా జన్యువును పుట్టించదు, ఇంట్లో ఉన్నదాన్ని కలుపుతుంది. తాతకు ఆ మారిన జన్యువు ఒక్క నకలుండి, బయటినుంచి వచ్చినవాళ్ళకు లేదనుకోండి. బావామరదళ్ళ బిడ్డకు రెండూ చేరే అవకాశం 64లో 1, మేనమామ మేనకోడళ్ళ బిడ్డకు 32లో 1. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో నకలు మోస్తున్నారని తెలిస్తే మాత్రం 4లో 1. పైగా లేతకన్నంతా ఈ జన్యువు పనే కాదు. నీలికంటితో పాటు చెవుడు, నుదుటిపై తెల్లజుట్టు ఉంటే అది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అనే జన్యులోపం కావచ్చు, బిడ్డకు వినికిడి పరీక్ష చేయించాలి.