అప్‌డేట్: అరకు వానలో రెయిన్ సూట్

బైక్ మీద వేసుకునే మెష్ జాకెట్‌కి (గాలి ఆడే జాలీ గుడ్డది) వానలో లోపల వేసే రెయిన్ లైనర్ (నీళ్లు దిగని పొర) సరిపోతుందా, పైన వేసుకునే రెయిన్ సూట్ కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఎక్కువమంది పైదే అన్నారు, అదే కొన్నాను. మొన్న వైజాగ్ నుంచి వెళ్తూ శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే వాన దంచికొట్టింది. అనంతగిరిలో టీకి ఆగి చూస్తే జాకెట్ పొడిగానే ఉంది. లైనర్ ఒక్కటే వేసుకున్న మా బావమరిదికి ఒళ్లు తడవలేదు గానీ, పైన మెష్ నీళ్లు పీల్చి బరువెక్కి, గాలికి వణికిపోయాడు.

తప్పు నేనూ చేశాను. రెయిన్ సూట్ ప్యాంటు అంచులు బూట్లలోకి దోపాను. కారిన నీళ్లన్నీ నేరుగా సాక్సుల్లోకే! అరకులో బూటు వంచితే గ్లాసుడు నీళ్లు. తిరుగు ప్రయాణంలో ప్యాంటు బూట్ల మీదకి లాగాను, గ్లవ్స్ అంచులు జాకెట్ చేతుల కిందకి దూర్చాను. ప్యాంటుకి సీటుకి ఆనే చోట, నీళ్లు దూరకుండా కుట్టు మీద అంటించిన టేపు అప్పుడే లేస్తోంది. షాపువాడు మారుస్తానన్నాడు, చూడాలి.