లుకుమాదెస్: ఈస్ట్ వేయకపోతే ఆ పేరు పెట్టొచ్చా?

మియాపూర్ వంటిల్లు
అందరికీ నమస్కారం. గ్రీకుల లుకుమాదెస్ తెలిసినవాళ్లు నా సందేహం తీర్చండి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: మైదా, గోరువెచ్చని నీళ్లు, ఈస్ట్, కాస్త ఉప్పు కలిపి పొంగనిచ్చి, చిన్న చిన్న ఉండలుగా నూనెలో వేయించి, తేనెలోనో పాకంలోనో ముంచుతారు. పైన దాల్చినచెక్క పొడి, అక్రోట్ పలుకులు చల్లుతారు.

మొదటిసారి ఈస్ట్‌తోనే చేశాను. మా అత్తయ్యగారు ఒకటి నోట్లో పెట్టుకుని, "కల్లు వాసన వస్తోందమ్మా" అని ప్లేటు పక్కన పెట్టేశారు. రెండోసారి ఈస్ట్ మానేసి పెరుగు, బేకింగ్ పౌడర్ వేశాను. ఆవిడ ఆరు తిన్నారు. ఆ ఫొటో ఇంటివాళ్ల గ్రూపులో పెడితే మా ఆడపడుచు "ఇవి తేనెలో వేసిన పునుగులు వదినా, లుకుమాదెస్ కాదు" అంది. నిజంగా బాధేసింది. మీరేమంటారు?

ఓక్లీ నుంచి
ఏమీ అనుకోకండి, నేను మీ ఆడపడుచు పక్షమే. మేముండేది మెల్‌బోర్న్‌లో, ఓక్లీ దగ్గర. ఇక్కడ గ్రీకులు ఎక్కువ. పక్కింటి పెద్దావిడ చేస్తుంటే ఎన్నోసార్లు దగ్గరుండి చూశాను. పిండిని చెంచాతో కాదు, చేత్తోనే కొడుతుంది, గిన్నె అడుగు నుంచి పైకి లాగి లాగి. గంట తర్వాత మూత తీస్తే పిండి మీదంతా బుడగలే. ఎడమచేత్తో గుప్పెడు తీసుకుని పిడికిలి బిగిస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఉండ పైకి వస్తుంది. నీళ్లలో తడిపిన చెంచాతో దాన్ని తీసి నూనెలో వదులుతుంది. ప్రతి ఉండకీ చెంచా తడపాల్సిందే. నూనెలో వాటంతట అవే బోర్లా తిరుగుతాయి. కొరికితే పైన కరకర, లోపల దాదాపు డొల్ల, ఆ డొల్లలోకి తేనె దిగుతుంది. బేకింగ్ పౌడర్‌తో ఆ డొల్ల రాదు, కేకులా వస్తుంది.

ఇంకో సంగతి. ఆవిడ ఉపవాస రోజుల్లోనూ ఇవి చేస్తుంది. వాళ్ల ఉపవాసంలో పాలు, పెరుగు, గుడ్లు నిషిద్ధం, తేనె ఫర్వాలేదు. పిండి, నీళ్లు, ఈస్ట్ మాత్రమే కాబట్టి లుకుమాదెస్ చెల్లుతాయి. పెరుగు వేశాక ఆ సంగతే పోతుంది కదా.

పాతబస్తీ పిల్ల
ఓక్లీ అక్కా, పేరు దగ్గరికే వద్దాం. అరబ్బీలో లుక్మా అంటే ముద్ద, నోటికి పట్టినంత. తుర్కీలో అది లోక్మా అయింది, గ్రీకులో లుకుమాదెస్. మన హైదరాబాద్ పెళ్లిళ్లలో పెట్టే లుక్మీ కూడా ఆ మాట నుంచే వచ్చిందంటారు. అదేమో ఖీమా కూరిన నలుచదరపు సమోసా, దానిలో తీపీ లేదు, పాకమూ లేదు! ముద్ద అన్న ఒక్క మాటకి ఇన్ని వంటలు ఇమిడినప్పుడు, పెరుగు వేసిన ముద్దని బయటికి తోసేయడం అన్యాయం. పైగా గ్రీకు ఇళ్లలోనే పెరుగుతో తొందరగా చేసుకునేవాళ్లు బోలెడుమంది.

ఓక్లీ నుంచి
చేసుకుంటారు తల్లీ, కాదనను. అలా చేసినప్పుడు "పెరుగు లుకుమాదెస్" అని విడిగా చెప్తారు. ఉత్త లుకుమాదెస్ అంటే పొంగిన పిండే. నువ్వు అరబ్బీ దాకా వెళ్లావు కాబట్టి ఇదీ చూడు. 1226లో బాగ్దాద్‌లో రాసిన వంటల పుస్తకంలో "ఖాజీగారి ముద్దలు" అనే వంటకం ఉంది. పిండి కలిపి, అది పులిశాక హేజిల్‌నట్ అంత ఉండలు తీసి, నువ్వుల నూనెలో వేయించి, పాకంలో ముంచి, పైన చక్కెర పొడి చల్లమంటుంది. దాదాపు 800 ఏళ్ల కిందటే పులవడం అందులో భాగం.

పాతబస్తీ పిల్ల
సరే, పులవడం విషయంలో ఒప్పుకుంటున్నాను. మరి అదే పుస్తకం పాకంలో ముంచమంటోంది కదా? తేనె పోస్తేనే అసలైనవి అని వాదించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తెనాలి బోండా
మా నాన్నది టిఫిన్ సెంటర్. పదేళ్ల వయసు నుంచి పొయ్యి దగ్గరే పెరిగాను, అందుకే రాస్తున్నాను. గ్రీకు పేర్లు నాకు తెలియవు. కానీ ఓక్లీ అక్క చెప్పిన పిడికిలి పద్ధతి చదవగానే మా నాన్న మైసూర్ బోండా వేసే చెయ్యి కళ్ల ముందు మెదిలింది.

ఈస్ట్ మెల్లగా గాలి పుట్టిస్తుంది. ఆ లోపు మైదాలో జిగురు సాగి ఆ గాలిని పట్టుకుంటుంది. వేడి నూనెలో పడగానే ఆ గాలంతా వ్యాకోచించి ఉండ బెలూన్‌లా ఉబ్బుతుంది. బేకింగ్ పౌడర్ గాలి గబగబా వచ్చేస్తుంది, జిగురు సాగేంత టైమ్ ఉండదు. అందుకే లోపల మెత్తగా నిండుగా ఉంటుంది. సోడా ఎక్కువైతే ఇంకా ఘోరం, నూనె తాగేస్తుంది. జిలేబీ పిండిని రాత్రంతా పులియబెట్టేది ఎందుకు? పులిసిన పిండి మనకి కొత్తేం కాదండీ.

మియాపూర్ అమ్మా, కల్లు వాసన ఈస్ట్ తప్పు కాదేమో. ఎంత వేశారు, ఎంతసేపు ఉంచారు?

మియాపూర్ వంటిల్లు
పావుకిలో మైదాకి 7 గ్రాముల ప్యాకెట్ మొత్తం వేశాను. టీవీ చూస్తూ రెండున్నర గంటలు వదిలేశాను. మే నెల, వంటింట్లో ఎండ.

తెనాలి బోండా
దొరికింది! ఆ ప్యాకెట్ అరకిలోకి సరిపోతుంది. మన ఎండకి 40 నిమిషాలు చాలు. పిండి రెట్టింపై, పైన బుడగలు కనిపించగానే నూనె పెట్టేయండి. అంతకు మించితే పులుపు, కల్లు వాసన రాక తప్పదు.

రాజమండ్రి అమ్మమ్మ
తేనె వేడి చేస్తారా? తేనెని మరిగించకూడదని మా పెద్దలు చెప్పేవారు, ఆయుర్వేదమూ అదే అంటుంది. మనవరాలికి చేసి పెడదామని ఉంది కానీ దీంతో టెన్షన్‌గా ఉంది.

ఓక్లీ నుంచి
మరిగించక్కర్లేదు అమ్మమ్మగారూ. పక్కింటావిడ ఉండలు తీశాక రెండు నిమిషాలు ఆగి, సీసాలో తేనె ఎలా ఉంటే అలాగే పైన పోస్తుంది. వాళ్లకి థైమ్ పూల తేనె ఇష్టం. పాకం కావాలంటే రెండు గ్లాసుల చక్కెర, గ్లాసు నీళ్లు, దాల్చినచెక్క వేసి ఐదు నిమిషాలు మరిగించండి. దించేముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే గడ్డకట్టదు. తీగ పాకం దాకా రానివ్వకండి. పాకం చల్లారాలి, ఉండలు వేడిగా ఉండాలి. రెండూ వేడిగా ఉంటే పైన కరకర పోతుంది.

మియాపూర్ వంటిల్లు
నిన్న మళ్లీ చేశాను. పావుకిలో మైదా, 3 గ్రాముల ఈస్ట్, 40 నిమిషాలు. ఎడమ పిడికిలి మొదట వినలేదు, తోకలున్న ఉండలు వచ్చాయి. పదో ఉండ నుంచి గుండ్రంగా పడ్డాయి. పక్కనే పెరుగువి కూడా ఒక వాయి వేశాను. ఈస్ట్‌వి విరిస్తే లోపల నిజంగానే డొల్ల, తేనె అడుగు దాకా దిగింది. పెరుగువాటిలో తేనె పైపైనే ఉండిపోయింది. కానీ సాయంత్రానికి ఈస్ట్‌వి తోలులా సాగాయి, పెరుగువి మెత్తగానే ఉన్నాయి. నా వరకు ఈస్ట్‌వే లుకుమాదెస్, ఆడపడుచుకి ఫోన్ చేసి ఒప్పేసుకున్నాను. అత్తయ్యగారు ఈస్ట్‌వి మూడు తిని, వాసన లేదన్నారు. మళ్లీ చేసేటప్పుడు మాత్రం పెరుగువే చేయమన్నారు.

పాతబస్తీ పిల్ల
అత్తయ్యగారి ఓటు నా ఖాతాలోకే!

ఓక్లీ నుంచి
రాసుకో తల్లీ. నా ఓటు మాత్రం మారదు. మియాపూర్ గారూ, ఈసారి మూడోవంతు మైదా తీసేసి కార్న్‌ఫ్లోర్ వేయకండి, ఎవరైనా చెప్పినా సరే. రెండు చెంచాలు చాలు, కరకర ఇంకాసేపు నిలుస్తుంది. సాయంత్రం దాకా మాత్రం ఏది వేసినా నిలవదు. వేయించిన పావుగంటలో తినేయాలి.