హార్డ్ డిస్కుల శబ్దాన్ని డెసిబెల్ అంకెలతో పోల్చవచ్చునా?

రాత్రి చదువరి:
నిద్రపోయే గదిలోనే రాత్రింబవళ్లు నడిచే కంప్యూటరు కోసం 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఒకటి ఎంచుకోవలసి ఉంది. నేను చూస్తున్న రెండింటిలో 5400 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని భ్రమణాలు) డ్రైవుకు వివరపత్రంలో 2.5 బెల్ అనీ, 7200 ఆర్‌పీఎం డ్రైవుకు 29 డెసిబెల్ అనీ ఇచ్చారు. రెండూ డ్రైవు పని లేకుండా తిరుగుతున్నప్పటి కొలతలే. అంకె తక్కువున్నదాన్ని కళ్లు మూసుకొని తీసుకోవచ్చునా? ఈ అంకెలను అసలు లెక్కలోకే తీసుకోవద్దని ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నాడు.

కొలమానం:
మీ మిత్రునితో నేను ఏకీభవించను. ఒక బెల్ అంటే 10 డెసిబెల్లు కనుక మొదటి డ్రైవుది 25, రెండవదానిది 29. అయితే బెల్లలో ఇచ్చేది డ్రైవు వెలువరించే మొత్తం ధ్వని శక్తి. సమీక్షకులు మీటరు పెట్టి చెప్పేది ఒక దూరంలో ఉండే ధ్వని పీడనం. గట్టి నేల మీద, గోడల ప్రతిధ్వని లేని చోట, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఆ పీడనం అంకె శక్తి అంకెకన్నా సుమారు 8 తక్కువగా వస్తుంది. అందువల్ల ఒకే డ్రైవు ఒకచోట 29గానూ మరొకచోట 21గానూ కనబడి మనల్ని తికమక పెట్టగలదు. మీ రెండు అంకెలూ శక్తివే అని తేలితే 5400 డ్రైవునే తీసుకోండి. 4 డెసిబెల్ల తేడా అంటే శక్తిలో దాదాపు రెండున్నర రెట్లు. చెవికి అది రెట్టింపుగా అనిపించదు గానీ, తెలియకుండా పోదు.

రేకుపెట్టె:
లెక్క సరైనదే, కానీ ఆ కొలతలో మీ కేబినెట్ లేదు. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 భ్రమణాలు, 5400 అంటే 90. ఆ వేగంతో తిరిగే ప్లాటర్ల (డేటాను దాచే పళ్లేల) స్వల్ప అసమతుల్యత స్క్రూల గుండా పలుచని రేకుకు చేరి, రేకు నుంచి బల్లకు చేరి, చివరికి డ్రైవు చేసే శబ్దం కన్నా బల్ల చేసే శబ్దమే పెద్దదవుతుంది. వివరపత్రంలోని ‘ఎ’ భారిత కొలత (చెవి వినే తీరుకు తగ్గట్టు సవరించినది) 125 హెర్ట్జ్ (సెకనుకు 125 కంపనాలు) దగ్గర సుమారు 16 డెసిబెల్లు తగ్గించి లెక్కవేస్తుంది కనుక, రాత్రి మనల్ని వేధించే ఆ గుంయ్‌మనే రొదకు అక్కడ దక్కే స్థానం చాలా తక్కువ. పైగా ఒకే రకం డ్రైవులు రెండు పక్కపక్కన బిగిస్తే, వేగాలలోని అతి చిన్న తేడా వల్ల ఆ రొద పెరుగుతూ తరుగుతూ అలలుగా వినిపిస్తుంది. దాన్ని ఏ పత్రమూ చెప్పదు.

ఇంకొకటి. 2020లో, ‘5400 తరగతి’ అని అమ్మిన కొన్ని డ్రైవుల ధ్వనిని వినియోగదారులు రికార్డు చేసి విశ్లేషిస్తే, ఉండవలసిన 90కి బదులు 120 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపించింది, అంటే అవి 7200 వేగంతో తిరుగుతున్నాయన్నమాట. పత్రంలోని ఆర్‌పీఎం మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు.

కొలమానం:
‘ఎ’ భారితం మోసమేమీ కాదు. మంద్ర ధ్వనులను మన చెవి నిజంగానే తక్కువగా వింటుంది. కేబినెట్ లోపాన్ని డ్రైవు ఖాతాలో వేయకండి.

పాత సర్వరు:
మీరిద్దరూ తిరిగే శబ్దం దగ్గరే ఆగిపోయారు. బాల్ బేరింగులు పోయి ద్రవ బేరింగులు వచ్చాక ఆ కీచు దాదాపు అంతరించింది. ఇప్పుడు నిద్ర చెడగొట్టేది హెడ్లు (డేటాను చదివే, రాసే భాగాలు) కదిలేటప్పటి టకటక. ఎడతెగని రొదకు చెవి అలవాటు పడుతుంది, ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడుకు పడదు. వెనకటి డ్రైవులలో 128 నుంచి 254 వరకు విలువ ఇచ్చి హెడ్ల కదలికను మెత్తబరిచే అమరిక ఉండేది, వేగం కొంత తగ్గేది. కొత్తవాటిలో అది దొరకదు. కాబట్టి పత్రంలో వెతకవలసినది పని చేస్తున్నప్పటి అంకె.

రాత్రి చదువరి:
రెండు పత్రాలూ మళ్లీ చూశాను. పని చేస్తున్నప్పుడు 5400 డ్రైవుకు 2.8 బెల్, రెండవదానికి 36 డెసిబెల్. రెండూ ధ్వని శక్తివే. మొదటిదే తీసుకున్నాను. రేకుపెట్టె గారి మాట పరీక్షించడానికి, ముందు స్క్రూలతో బిగించి, తరువాత స్పాంజి మీద పడుకోబెట్టి విన్నాను: రొద పూర్తిగా మాయమైంది, టకటక మాత్రం అలాగే ఉంది.

రేకుపెట్టె:
స్పాంజి మీదే వదిలేయకండి, రేకుకు తగలనప్పుడు డ్రైవు వేడి బయటికి పోయే దారి తగ్గుతుంది. రబ్బరు వాషర్లతో బిగించి, ఒక రాత్రంతా ఉష్ణోగ్రత చూడండి.

పాత సర్వరు:
టకటకకు మందు వేరు. ఆపరేటింగ్ సిస్టమును, అది తన పనులను రాసుకుంటూ ఉండే లాగ్ ఫైళ్లను చిన్న ఎస్‌ఎస్‌డీకి (కదిలే భాగాలు లేని డిస్కుకు) మార్చండి, రాత్రివేళ ఆ డిస్కును ఎవరూ తట్టి లేపరు.